గట్టు కింది మట్టి గొట్టం

పాసైపోయినా!

ఈ మాట ఈ పొద్దు ఎంతమందికి చెప్పినానో నాకే తెలీదు. కోవిల్‌పట్టి బస్టాండులో నిలబడి ఫోనులో రిజల్టు చూసినా. పక్కన విరుదునగర్ బస్సుకు కాచుకొని ఉన్న ఒకామె, ఎవురో ఏమో, ఆమె చెయ్యి పట్టుకొని అరవంలో చెప్పేసినా, "అక్కా, నేను డిగ్రీ పాసైపోయినా" అని. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంత వయసులోనా?" అనింది. అని, సంచిలో ఉన్న కడలమిఠాయి పొట్లం విప్పి నా చేతిలో ఒకటి పెట్టింది. నేను పంచాల్సింది పోయి ఆమె పంచింది!

మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని నేనే. పెండ్లై, ఇద్దరు పిల్లల్ని కని, వాండ్లు బడికి పోయినాక తపాల్లో పుస్తకాలు తెప్పించుకొని చదివినా. అమ్మకు ఫోను చేస్తే, "మంచిదమ్మా, చాలా మంచిది. ఈడ మూడు పొద్దుల నుంచి కొళాయి రాలే, నీళ్ళ లారీ వచ్చిందని అరుస్తుండారు, మళ్ళీ మాట్లాడతా" అని పెట్టేసింది. అయిదు నిమిషాలకు నాయన చేసినాడు.

"ఏ ప్రశ్న బాగా రాసినావు?" అన్నాడు. నాయన చదివింది అయిదో తరగతి. అయినా అడగాల్సింది అడుగుతాడు.

చెప్పినా. ఒక పేపర్లో ఇట్ల వచ్చింది: వాన నీళ్ళను తెరిచిన బావిలోకి పంపేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు రాయండి. అది చదివినంతనే నా చెయ్యి నిలిచిపోయింది. చుట్టూ అందరూ గబగబ రాస్తుండారు. నా ముక్కుకు బురద వాసన వచ్చేసింది, ఆ పరీక్ష హాల్లో, ఫ్యాను కింద. కొంచేపటికి పెన్ను పట్టినా చూడు, ఏడు పేజీలు. ఇంకా కాగితం కావాలని లేచి నిలబడితే హాల్లో ఉన్న సారు నన్ను వింతగా చూసినాడు.

అవతల నాయన, "గొట్టం కత రాసినావా?" అన్నాడు.

"లేదు నాయనా. జాగ్రత్తలు మాత్రమే రాసినా."

"అది రాసుంటే ఇంకా నాలుగు మార్కులు వచ్చేవి" అన్నాడు.

ఎవురూ మార్కులు వెయ్యకపోయినా సరే, అది ఇప్పుడు రాస్తా.

మాది కరిసల్ నేల. నల్ల నేల. ఎండాకాలం నోరు తెరుస్తాది, పగుళ్ళలో నా చెయ్యి మోచేతి దాకా పట్టేది. వానాకాలం అదే నేల కాలి చెప్పును ఊడబెరికి మింగేస్తాది. సెనగ, మినుము, పత్తి వానకే పండతాయి. బావి ఉన్నోళ్ళు కొంచెం మిరప, కొంచెం చిన్న ఉల్లిగడ్డ పెట్టుకుంటారు. మా తాత తవ్వించిన బావి ఒకటి ఉండేది మాకు. చదరంగా ఉంటాది, పెద్దది. గోడలోనుంచి పొడుచుకొని వచ్చిన రాళ్ళే మెట్లు. ఆ బావికి ఇద్దరు సొంతదార్లు, మా నాయన, మా పెద్దనాయన. మోటరు ఒక పొద్దు మాది, ఒక పొద్దు ఆయనది. నేల రెండు, బావి ఒకటి, పొయ్యి ఒకటి. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది, పిల్లల్లేరు. అందుకని పెద్దనాయన మా ఇంట్లోనే తినేవాడు. పొద్దున సజ్జ గూళు, నంజుకొనేదానికి చిన్న ఉల్లిగడ్డ. ఆ ఉల్లిగడ్డను ఆయన పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, నడిమి ముక్క, తీపిగా ఉంటాది చూడు, అది తీసి నా గిన్నెలో వేసేవాడు. ఆ గుద్దుకు అవ్వ ప్రతి పొద్దూ తిట్టేది. "ఒరే పెద్దోడా, నా పీట పగలగొడతావురా ఒక పొద్దు." ఆయన ప్రతి పొద్దూ గుద్దేవాడు.

బడి లేనప్పుడు మాకు పని ఏందంటే, వేపకాయలు తీసుకొని బావి అంచున బోర్లా పడుకొని ఒకటొకటిగా లోపలికి వదిలేది. వదిలి, ఒకటి, రెండు అని లెక్కబెట్టేది. ఎన్నో లెక్కకు 'డుబుక్' అంటాదో చూసేది. ఆ ఏడాది లెక్క పెరుగుతా పోయింది. అంతకు ముందు ఏడాదీ వానలు సరిగా లేవు, ఆ ఏడాది ఆడి నెల వాన అసలే లేదు. మాకు అది ఆట. ఇంట్లో ఒకసారి, "ఈ పొద్దు నాలుగుకు డుబుక్ అనింది" అని నవ్వుతా చెప్పినా. ఎవురూ నవ్వలే. అమ్మ నా నెత్తిన ఒకటి ఇచ్చింది.

అప్పుడే పక్క చేనుకు బోరు లారీ వచ్చింది. రెండు పొద్దులు ఒకటే అరుపు. లేచిన తెల్ల దుమ్ము మా పత్తి మీద, మిరప మీద, ఆరేసిన గుడ్డల మీద పడింది. నాయన పోయి చూసి, కనుబొమ్మలు తెల్లగా చేసుకొని వచ్చినాడు. మద్దేనం కూటికి కూర్చొని అన్నాడు,

"అన్నా, మనమూ ఒకటి వేస్తాము."

"నువ్వు వెయ్యి. నేను రాను" అన్నాడు పెద్దనాయన.

"బావిలో ఏముండాది ఇంకా? కప్పలు కూడా మూట కట్టుకొని పోయినాయి."

"మనం వేస్తాము. పక్కోడు మనకంటే లోతు వేస్తాడు. ఆనక మనం వాడికంటే లోతు. ఆఖరికి ఎవుడి గొట్టం అవతలి దేశంలో తేలుతాదో చూడాల."

అవ్వ నవ్వింది. నాయన నవ్వలే. "నవ్వండి. మిరప చెట్లు వాడి వాలి పడుతుండాయి, వాటితో కలిసి నవ్వండి" అని లేచినాడు. చెయ్యి కడుక్కొని, మా ఎవురినీ చూడకుండా, "కార్తీకం లోపల బావి లేస్తే సరి. లేకుంటే నా పాలు నేను విడదీసుకుంటా, నా బోరు నేను వేసుకుంటా. ఇంక పొయ్యి కూడా వేరే" అన్నాడు.

అవ్వ చేతిలో గరిటె అట్లనే నిలిచిపోయింది. పాలు, పంపకం నాకేం తెలుసు అప్పుడు? పొయ్యి వేరే అంటే తెలుసు. పెద్దనాయన ఒక్కడే కూర్చొని తింటాడు. ఉల్లిగడ్డ గుద్ది నడిమి ముక్క ఎవురి గిన్నెలో వేస్తాడు?

ఆ పొద్దునుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద కూర్చొని నాతో మాట్లాడేవాళ్ళు. "పాపా, మీ పెద్దనాయనకు చెప్పు, మోటరు పట్టీ తెగేట్టుండాదని." "పాపా, మీ నాయనకు చెప్పు, నిన్ననే మార్చినానని." నేను నడిమిన తల తిప్పి తిప్పి మెడ నొప్పి పెట్టేది.

బడిలో ఆ కాలం ఒకటే పాట. వాన నీళ్ళు దాచండి, వాన నీళ్ళు దాచండి. మిద్దె ఉన్న ప్రతి ఇంటినుంచీ ఒక గొట్టం కిందికి దించి గుంటలో పెట్టిస్తుండారు. మా సారు బోర్డు మీద ఒక ఇల్లు, వాన, గొట్టం, పక్కన ఒక బావి గీసినాడు. బావికి నవ్వే మూతి కూడా పెట్టినాడు. నాకు ఆ మూతి తలలో ఉండిపోయింది. సాయంత్రం పరిగెత్తిపోయి పెద్దనాయనను అడిగినా.

"పెద్దనాయనా, వాన వస్తే మన చేను పక్కన ఓడై వాగు పారుతాది కదా, ఆ నీళ్ళు బావిలోకి వదిలితే?"

"వద్దమ్మా."

"ఏం?"

"కరిసల్ నీళ్ళు. బావికి ఒప్పుకోదు."

"మా సారు చెప్పినాడు!"

"మీ సారుది ఎర్రమన్ను ఊరు" అని, మేకను కట్టేదానికి పోయినాడు. అంతే. ఇంక ఒక్క మాట చెప్పుంటే ఈ కత లేదు. కానీ పెద్దోళ్ళు తమకు తెలిసింది అందరికీ తెలుసనుకుంటారు.

మా దిక్కు ప్రతి బావి చుట్టూ ఎత్తుగా మట్టి గట్టు ఉంటాది. ఐప్పసి, అంటే కార్తీకం ముందు నెల, ఆ వానలకు ముందు దానికి కొత్త మన్ను వేసి, తొక్కి, పేడ పూసి గట్టి చేస్తారు. ఓడై నీళ్ళు ఒక్క చుక్క కూడా బావిలో పడకూడదు. మా ఇంట్లో అది పెద్దనాయన పని. నేను ఆ ఏడాది ఆయన తొక్కేది చూస్తా నిలబడి, ఇంత తెలివి తక్కువ మనుషులు ఉంటారా అనుకున్నా. బావి ఎండిపోయిందని ఏడుస్తారు, వచ్చే నీళ్ళకు గోడ కడతారు!

ఆ గట్టు కింద ఒక మట్టి గొట్టం ఉండేది. తాత కాలంలో బావికి ఆయిల్ ఇంజను, గోడ లోపలి అరుగు మీద. దాన్ని చల్లబరిచిన వేడి నీళ్ళు బయట చేన్లోకి పోయేదానికి గట్టు కింద గొట్టం పూడ్చినారంట. కరెంటు మోటరు వచ్చింది, ఇంజను పాత ఇనుముకు పోయింది. గొట్టం మూతికి గోనెగుడ్డ చుట్టిన రాయి కుక్కి వదిలేసినారు. మీద కంప పెరిగింది. ఇంట్లో అందరూ మర్చిపోయినారు. నాకెట్ల తెలుసంటే, ఆ కంపలో వంగి దూరితే ఒక చిన్న గూడు మాదిరి ఉంటాది. నా గాజు ముక్కలు, అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునేది ఆడనే.

ఐప్పసిలో వచ్చింది వాన. మద్దేనం. బడి వదిలేసినారు. నేను ఇంటికి పోలే, చేనుకు పోయినా. రాయి గట్టిగా ఇరుక్కొని ఉండాది. కాలు గట్టుకు తన్నిపెట్టి లాగినా, లాగినా, గోళ్ళు విరిగినాయి. ఆఖరికి రాయి, నేను, ఇద్దరమూ ఎల్లకిల పడినాము. ఓడై పొంగి, నీళ్ళు మెల్లగా చేన్లోకి వచ్చి గట్టును ఆనుకున్నాయి. గొట్టం 'గొడగొడ' అని తాగేది మొదలుపెట్టింది. గట్టెక్కి చూస్తే అవతల పక్క, బావి గోడలోనుంచి నల్లగా ధార పడుతుండాది. ఎండిన రాళ్ళ మీద నీళ్ళు పడి బావిలోనుంచి వేగిన మినుముల మాదిరి వాసన లేచింది. నేను ఆ వానలో ఒక్కదాన్నే ఎగిరినా. రాయి మళ్ళీ పెట్టలే. ఇంకా వానలు వస్తాయి కదా, ఇంకా తాగనీ అని, కంప మాత్రం ముందుకు లాగి మూసిపెట్టినా.

పొద్దున చూస్తే పదకొండు మెట్లు మునిగినాయి! నాయన పంచె ఎగ్గట్టి గట్టు మీద అటూ ఇటూ నడుస్తుండాడు, మొగమంతా పండ్లే. అవ్వ మాత్రం చెంబుతో ముంచి, నీళ్ళను చెయ్యి మీద పోసుకొని చూసింది.

"పెద్దోడా, గట్టు చూసి రా."

పెద్దనాయన చుట్టి వచ్చినాడు. మళ్ళీ చుట్టి వచ్చినాడు. "గట్టు ఎక్కడా తెగలేదమ్మా."

"అయితే ఈ నల్ల నీళ్ళు యాడివి?"

"యాడివైతే ఏంది?" అన్నాడు నాయన. "వచ్చినాయి కదా!"

నీళ్ళు బయటికి పొయ్యే దారిలో లోపలికి వస్తాయని ఎవురు అనుకుంటారు? ఆ పొద్దు అమ్మ పణియారం పోసింది. నేను ఏడు తిన్నా. ఎవురికీ చెప్పలే. పెద్దనాయన పక్కన కూర్చొని, ఇంక నువ్వు యాడికీ పోవు, నేనే ఆపినా అని లోపలే చెప్పుకుంటా తిన్నా.

నాలుగు పొద్దులు మోటరు పోసింది. నీళ్ళు నల్లగా, చిక్కగా వచ్చినాయి. అయిదో పొద్దుకు మోటరు గుర్రుమనింది, బురద కక్కింది, నిలిచిపోయింది. ఎప్పుడైనా బావి వట్టిపోతే తెల్లారేసరికి మోకాలెత్తు ఊరేది. ఆ సారి తెల్లారింది, ఏమీ లేదు. ఇంకో పొద్దు తెల్లారింది, లేదు. అడుగున మనిషి నడుమెత్తు బురద, దాని మీద చిన్న మడుగు, అంతే.

అప్పుడు తెలిసింది నాకు, పెద్దనాయన చెప్పకుండా వదిలేసిన మాట. బావి అడుగున రాతిలో సన్నని పగుళ్ళు ఉంటాయి. ఊటకండ్లు అంటాము. భూమిలో నీళ్ళు వచ్చేదీ, పొయ్యేదీ వాటిలోనే. కరిసల్ బురద పిండికంటే మెత్తన. అది దిగి ఆ కండ్ల మీద మెత్తినట్టు పూసుకుంటే, ఇంక లోపలినుంచి రావు, పైనుంచి ఇంకవు. సారు బోర్డు మీద అన్నీ గీసినాడు, బురద గీయలే.

నాయన అరుగు మీద నిలబడి అవ్వతో అరిచినాడు. "గట్టు ఎవురి పని? అడుగు. ఏదో ఎలుక బొక్క చూడకుండా వదిలేసినాడు. మా నాయన తవ్వించిన బావిని చంపినాడు!"

పెద్దనాయన తల వంచుకొని కూర్చొని ఉండాడు. "అట్లనే ఉంటాది" అన్నాడు. "నా పనే. నేనే సరిగ్గా చూడలే."

నేను స్తంభం పక్కన నిలబడి ఉండా. నోరు తెరిచినా. మూసేసినా.

"లారీ వాడికి చెప్పేసినా. నాలుగో పొద్దు వస్తాడు" అన్నాడు నాయన.

"మూడు పొద్దులుండాయి కదా" అన్నాడు పెద్దనాయన, అవ్వను చూసి. "బురద ఎత్తేస్తా. కన్ను తెరుచుకుంటే బోరు వద్దు. తెరుచుకోకపోతే వాడిష్టం. పొయ్యి కూడా."

ఆయన దిగినాడు. పైనుంచి తట్ట లాగేదానికి ఎవురు? ఇంకెవురుండారు, నాయనే. కప్పీ మీద మోకు, మోకుకు తట్ట. మాటల్లేవు కదా ఇద్దరికీ, మోకుతోనే మాట్లాడుకున్నారు. ఒకసారి గుంజితే లాగు. రెండుసార్లు గుంజితే ఆగు. అమ్మ, అవ్వ తట్ట అందుకొని గట్టవతల పారబోసేవాళ్ళు. నాకు నీళ్ళు ఇచ్చే పని. మూడు పొద్దులు కప్పీ కిర్రుమంటానే ఉండాది. నాయన అరచేతులు పగిలినాయి. సాయంత్రం పెద్దనాయన పైకి వస్తే కండ్లు తప్ప ఏమీ కనబడేది కాదు. ఆయన కాళ్ళ మీద అవ్వ నీళ్ళు పోస్తుంటే నాయన దూరంగా నిలబడి చూసేవాడు, చూసి మొగం తిప్పేవాడు.

ఆ మూడు పొద్దులూ నేను గొట్టం దగ్గిరికి పోలే. పోయి రాయి పెట్టేద్దామని ఎన్నిసార్లో లేచినా. ఎవురైనా చూస్తే? ఇప్పుడు ఆ కంపలో నీకేం పని అంటే? కూర్చుండిపోయినా. వాన కూడా లేదు. ఎండ కాస్తుండాది. రేపు పెడతా అనుకున్నా.

మూడో పొద్దు మద్దేనం తిరిగినాక, కిందనుంచి కేక. మూడు పొద్దుల్లో మొదటి మాట.

"తడి! తడి తగుల్తుండాది!"

నాయన మోకు వదిలి అంచుకు వచ్చి వంగినాడు. "యాడ?" అన్నాడు. అడిగినంతనే తాను మాట్లాడినానని తెలిసి నోరు మూసుకున్నాడు.

అప్పుడే గాలి మారింది. మా మీద ఎండే. పడమట పక్క, ఓడై వచ్చే దిక్కున, ఆకాశం మినపపొట్టు రంగులో ఉండాది. తడి మట్టి వాసన మా దాకా వచ్చింది.

"ఎగువ ఊర్లో కొడుతుండాది వాన" అనింది అవ్వ. "పెద్దోడా, ఎక్కి రారా."

"ఇంకొక్క రెండు తట్టలమ్మా. కన్ను ఈడనే ఉండాది."

"తవ్వనీ" అన్నాడు నాయన. "ఓడై వస్తే మాత్రం ఏమి? గట్టు ఉండాది కదా."

గట్టు ఉండాది. గట్టు కింద ఏముండాదో నాకు మాత్రం తెలుసు.

చెంబు కింద పడేసి పరిగెత్తినా. కంపలో దూరినా, రవిక చినిగింది, వీపంతా గీసుకుంది. రాయి! రాయి యాడ? ఆ పొద్దు నేను, రాయి ఎల్లకిల పడినాము కదా, అది దొర్లిపోయి బురదలో కూరుకుపోయింది. చేతులతో తవ్వినా. దూరంగా ఓడై చప్పుడు, ఎండిన ఆకుల మీద ఎవురో చాపలు ఈడుస్తున్నట్టు. నా కాళ్ళ దగ్గిరికి నీళ్ళు పాము మాదిరి వచ్చినాయి, నురుగు, పుల్లలు, చచ్చిన మిడతలు. గొట్టంలో నా చెయ్యి పెట్టినా, గొట్టం నా చెయ్యికంటే పెద్దది. నీళ్ళు మోకాలి దాకా వచ్చేసినాయి.

గట్టెక్కి అరిచినా. "నాయనా! గొట్టం తెరిచి ఉండాది! ఇంజను గొట్టం! నేనే తెరిచినా!"

నాయనకు అర్థం కాలే. "ఏ గొట్టం?"

నేను అంచున బోర్లా పడి లోపలికి అరిచినా. "పెద్దనాయనా! ఎక్కి రా! నీళ్ళు వస్తుండాయి, నేనే వదిలినా, ఆ పొద్దు కూడా నేనే, నువ్వు కాదు, నేనే!"

ఆయన తల పైకెత్తినాడు. అంత లోతులో చిన్నగా, మొగం నల్లగా. సరిగ్గా అప్పుడే ఆయన నెత్తికి రెండు నిలువుల మీద, గోడలోనుంచి ఒక నల్ల నూలుపోగు జారింది. చూస్తుండగానే అది తాడంత అయింది, తర్వాత తొడంత. అడుగున మెట్లు బురదకు జారుతుండాయి. ఆయన ఒకటెక్కినాడు, జారినాడు. మళ్ళీ ఎక్కినాడు, ధార సరిగ్గా భుజం మీద పడింది, కిందికి తోసేసింది.

"తట్టలో కూర్చో!" అరిచినాడు నాయన. "అన్నా, తట్టలో కూర్చో!"

మోకు బిగుసుకుంది. నాయన ఒక్కడే లాగుతుండాడు, ఒంటి మీద నరాలన్నీ లేచినాయి. అమ్మ పట్టుకుంది. అవ్వ పట్టుకుంది. నేను అవ్వ నడుము పట్టుకొని లాగినా. కప్పీ ఏడుస్తుండాది. నాయన మడమలు మట్టిలో గీత గీస్తా ముందుకు జారుతుండాయి, బావి పక్కకే. మోకు మీద ఆయన చేతులు పట్టిన చోట ఎర్రగా ఉండాది. అయినా నోరు మాత్రం ఆగలే. "పట్టుకున్నా అన్నా. పట్టుకున్నా. వదల్లే. పట్టుకున్నా." మోకుతో చెప్పాల్సింది అంతా నోటితో చెప్తుండాడు.

అంచు మీద ఒక నల్ల చెయ్యి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. నాయన మోకు వదిలి ఆ చేతులు పట్టుకొని ఈడ్చినాడు. ఇద్దరూ గట్టు మీద పడినారు. వెనకాల బావిలో గోడరాళ్ళు రెండో మూడో 'ధబ్' అని కూలినాయి.

ఊపిరి తీసే చప్పుడే. తర్వాత నాయన లేచినాడు. నా పక్క తిరిగినాడు. చెయ్యి ఎత్తినాడు. నేను కండ్లు మూసుకున్నా, పడనీ అని.

"ఒరే చిన్నోడా" అన్నాడు పెద్దనాయన. దగ్గినాడు, బురద ఉమ్మినాడు. "దాన్ని కొడితే నేను మళ్ళీ దిగిపోతా."

నాయన చెయ్యి దిగింది. కిందనే కూర్చొని, మొగం ఆ నెత్తురు చేతుల్లో పెట్టుకొని ఏడ్చినాడు. నాయన ఏడ్చేది అప్పుడే చూసినా మొదటిసారి. అవ్వ మాత్రం వచ్చి నా చెవి పట్టి మెలిపెట్టింది, ఎంత సేపంటే, ఇప్పటికీ ఆ పక్క చెవి కొంచెం ఎర్రగా ఉంటాది అనుకుంటా నేను.

నాలుగో పొద్దు లారీ వచ్చింది. నాయన గట్టు దాకా పోయి, "వద్దు, పోండి" అన్నాడు. కారణం అడిగితే, "చేతులు బాగలేవు" అన్నాడు. బోరు వేసేదానికి ఈయన చేతులెందుకని లారీ వాడు నవ్వుకుంటా పోయినాడు.

మళ్ళీ బురద ఎత్తినారు. ఈ సారి గొట్టానికి మూత పెట్టి, ఇద్దరూ మాట్లాడుకుంటా, తిట్టుకుంటా. ఎనిమిది పొద్దులు పట్టింది. కూలిన రాళ్ళు మళ్ళీ పేర్చినారు. కన్ను తెరుచుకుంది, సన్నగా, పసిబిడ్డ మూతి తడి మాదిరి. మిరప మాత్రం దక్కలే. ఆ ఏడాది మిరప అంతా పోయింది.

గొట్టాన్ని మూసేస్తారనుకున్నా. పెద్దనాయన దాని ముందర కూర్చొని చాలా సేపు చూసి, "గొట్టం ఉన్న చోటు మంచిదే. పొయ్యే నీళ్ళే మంచివి కావు" అన్నాడు. గొట్టం మూతి ముందర ఒక గుంట తవ్వినారు, మా అవ్వంత లోతు. అడుగున పెద్ద రాళ్ళు, మీద గులకరాళ్ళు, దాని మీద కంప కాల్చిన బొగ్గు, అన్నిటి మీదా ఓడై ఇసక. ఇసక నేనే మోసినా, శిక్ష అది. గుంటకు ముందర ఇంకొక ఉత్త గుంట, బురద దిగేదానికి. గొట్టానికి కొయ్య మూత చెక్కినాడు నాయన, తాడు కట్టి, పైనుంచి లాగితే వచ్చేట్టు.

కార్తీకం చివర్లో వాన పట్టుకుంది. పొద్దున్నుంచి. ఓడై వచ్చింది, నీళ్ళు గట్టును ఆనుకున్నాయి, గుంటలు నిండినాయి. నాయన తాడు పట్టుకొని నిలబడి ఉండాడు. "లాగేదా?" అన్నాడు.

పెద్దనాయన నా పక్క చేయి చూపించినాడు. "దాన్ని అడుగు."

"దీన్నా?"

"తెరిచేది తెలుసు దానికి. ఎప్పుడు తెరవాలో నేర్చుకోనీ." నన్ను దగ్గిరికి పిలిచి, ఇసక గుంట మీద నిలిచిన నీళ్ళు నా చేతిలో పోసినాడు. "చేతి గీతలు కనబడతాయా?"

నల్లగా ఉండాయి నీళ్ళు. "కనబడలే."

"అయితే పోనీ ఓడైకే."

నాయన తల కొట్టుకున్నాడు. "అన్నా, వాన నిలిచిపోతే? ఇంత నీళ్ళు పక్కూరి పాలు! మళ్ళీ యాడ వస్తాది?"

"దాన్ని అడుగు."

వాన కొంచెం తగ్గింది. మళ్ళీ పట్టింది. నేను వంగి దోసిలి పట్టినా. మసక. పారబోసినా. నాయన నన్ను చూస్తుండాడు, మెడలో నరం కొట్టుకుంటుండాది. "ఏమే?" అన్నాడు. "ఇంకా లేదు నాయనా." మళ్ళీ పట్టినా. ఒక గీత కనబడింది, మిగిలినవి లేవు. అవ్వ గొడుగు కింద నిలబడి ఏదో మొక్కుకుంటుండాది. పెద్దనాయన ఆకాశాన్ని చూడలే, నీళ్ళను చూడలే, ఒక పుల్ల తీసుకొని పండ్లు కుట్టుకుంటుండాడు. వాన నిలిచిపోతే ఏం జరుగుతాదో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా ఒక్క మాట అనలే. నేను పారబోసినా, పట్టినా, పారబోసినా. చలికి వేళ్ళు వంకర పోయినాయి.

అప్పుడు కనబడినాయి. అన్నీ. నా అరచేతిలో చిన్న చిన్న అడ్డగీతలు కూడా.

"లాగు" అన్నా.

నాయన లాగినాడు.

ఆ నీళ్ళకు ఊటకన్ను మూసుకోలే, వేరే పొయ్యి మాట మళ్ళీ రాలే. బావి ఇప్పుడూ ఉండాది, మీద ఇనుప వల వేసినారు. మా ఊర్లో ఇంక ఎవురి బావిలోనూ మనిషి దిగడు, పిల్లలకు వేపకాయలు వదిలి లెక్కబెట్టే పని లేదు, చుట్టూ అందరివీ బోర్లే. పెద్దనాయన పోయి చాలా నాళ్ళయింది. ఆయన తినడం ఆఖరి పొద్దు దాకా మా ఇంట్లోనే. పెండ్లైంది, పిల్లలైనారు, ఇప్పుడు డిగ్రీ కూడా వచ్చింది నాకు. అయినా నేను ఒక్క మాట అంటే ఇద్దరు పెద్ద మొగోళ్ళు ఎదురు చెప్పకుండా చేసింది ఆ ఒక్క పొద్దే. నాకు అప్పటికి పదేండ్లు నిండలే.